కొరిశపాడు మీదుగా శ్రీహరికోటకు

జనవరి నెలాఖరులో గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర నిలబడి ఆకాశం వంక చూసేవాడు ఒక్కడూ కనబడడు. తలెత్తేలోపే తుమ్మొస్తుంది. మిర్చి బస్తాల టిక్కీలతో లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. కమీషన్ కొట్టు గుమస్తా గోతంలో చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి, తొడిమ పట్టుకుని చెవి దగ్గర ఊపి చూస్తాడు. గింజ గలగలమంటే బాగా ఎండినట్టు, చప్పుడు లేకపోతే చెమ్మ మిగిలినట్టు. తర్వాత కాయను అడ్డంగా విరిచి లోపలి రంగు చూస్తాడు. ఇదంతా అయ్యేదాకా రైతు కాయను చూడడు, గుమస్తా మొహాన్నే చూస్తుంటాడు.

మా బావకు ప్రత్తిపాడు దగ్గర ఆరెకరాల మిరప, మూడెకరాల పత్తి. అందులో సగం కౌలు. ఆ ఉదయం తేజ రకం కాయలు దించి, కాటా అయ్యాక పలికిన ధర విని, చిట్టీ మడిచి జేబులో పెట్టుకుని నా కారెక్కాడు. నిరుటి ధర తలుచుకుంటే ఏడుపొచ్చే ఏడాది ఇది. అయినా మా బావ ఏడ్చే రకం కాదు.

"పోదాం పద బావా. కాయ రేటు ఎటూ పైకి పోవట్లా. రాకెట్టన్నా పోద్దేమో చూసొద్దాం."

అది 2025 జనవరి 28. మర్నాడు ఉదయం 6 గంటల 23 నిమిషాలకు శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్‌15 రాకెట్ లేవాలి. దాని నెత్తిన ఎన్‌వీఎస్‌-02. మనకంటూ ఒక దారి చూపే వ్యవస్థ ఉండాలని ఇస్రో కట్టుకుంటూ వస్తున్న 'నావిక్' వరసలో, కొత్త తరం ఉపగ్రహాల్లో రెండోది. శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం కూడా అదే. నేను ఆ నూరు అంకెకు ఆశపడి బయల్దేరాను. మా బావకు పులికాట్ సరస్సు రొయ్యల మీద ఆశ.

మూడొందల కిలోమీటర్ల పైచిలుకు దారి. చిలకలూరిపేట దాటాక హైవేకి రెండు పక్కలా నల్లరేగడి పరుచుకుంటుంది. పత్తి చేలు ఆఖరి తీతల్లో ఉన్నాయి. ఆకు రాలిపోయి, కట్టెకు అక్కడక్కడ తెల్లటి దూది అంటుకుని ఉంది. పక్కనే మిరప చేలల్లో వరసగా వంగిన నడుములు. ఆదోని, కోసిగి వైపు నుంచి ఇంటిల్లిపాదీ కోతలకు దిగిన వాళ్లు చాలామంది. చేని గట్టునే పట్టలతో గుడారం, దాని ముందు మూడు రాళ్ల పొయ్యి, పొయ్యి పక్కన బడి మానేసి వచ్చిన పిల్లాడు. కల్లాల్లో ఆరబోసిన కాయ కారు అద్దంలోంచి ఎర్రటి పట్టీలా సాగిపోతుంటుంది. ఫొటో తీసుకునేవాళ్లకు అందంగానే ఉంటుంది. కాయ అమ్ముడుపోక కల్లంలోనే ఉండిపోయిందని మా బావ చెబితే తప్ప నాకు తెలియలేదు.

మార్టూరు దగ్గర టీకి ఆగాం. ఆకాశంలోని ఏ ఉపగ్రహం నుంచి ఎంత సంకేతం అందుతోందో చూపే యాప్ ఒకటి నా ఫోన్‌లో ఉంది. తెరిచి బావ ముందు పెట్టాను. వరసగా చిన్న చిన్న జెండాలు. అమెరికా వాళ్లవి ఎక్కువ. రష్యావి, యూరప్‌వి, చైనావి కూడా గుంపులుగా ఉన్నాయి. కిందికి జరిపితే మువ్వన్నెలవి మూడు కనిపించాయి.

"మూడేనా?" అన్నాడు బావ. పొలంలో మొలకలు లెక్కపెట్టే మనిషి కదా, ఏది చూసినా ముందు లెక్కే అడుగుతాడు.

ఆ టీ కొట్టు బల్ల మీదే చెప్పాను. మనం ఎక్కడున్నామో పైనుంచి ఏ ఉపగ్రహమూ చూడదు. "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైం ఇంత" అని ఎడతెగకుండా చెబుతూ పోవడమే దాని పని. ఆ మాట బయల్దేరిన క్షణానికీ, మన ఫోన్‌కు చేరిన క్షణానికీ తేడా తెలిస్తే దూరం తెలుస్తుంది. అలా నాలుగు ఉపగ్రహాల నుంచి దూరాలు దొరికితే మనం నిలబడ్డ చోటు తేలుతుంది. అంటే ఈ వ్యవహారమంతా గడియారం మీద నడుస్తుంది. సెకనులో నూరు కోట్ల వంతు కాలంలో రేడియో తరంగం 30 సెంటీమీటర్లు పోతుంది. గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పిందంటే లెక్కలో 300 మీటర్లు తేడా వచ్చినట్టే. మా బావ చేను వెళ్లి పక్కూరి చెరువులో పడుతుంది. గోడ గడియారంలో ఉండే క్వార్ట్జ్‌తో ఈ పని కాదు. అందుకే ఈ ఉపగ్రహాల్లో రుబీడియం పరమాణు గడియారాలు పెడతారు.

"మరి అమెరికావోడిది ఊరికే వస్తంటే మనకెందుకు ఈ ఖర్చు?"

ఈ ప్రశ్నకు జవాబుగా కార్గిల్ కథ చెబుతారు మనవాళ్లు. 1999లో ఆ కొండల మీద యుద్ధం జరుగుతున్నప్పుడు జీపీఎస్ సమాచారం అడిగితే అమెరికా ఇవ్వలేదని. ఎవరు ఎవరిని ఏ కాగితం మీద అడిగారన్నది పక్కన పెడదాం. ఆ రోజుల్లో అమెరికా తన సైన్యానికి ఒక సంకేతం ఇచ్చి, మిగతా ప్రపంచానికి కావాలని చెడగొట్టిన సంకేతం ఇచ్చేదన్నది మాత్రం ఆ దేశమే ఒప్పుకున్న సంగతి. 2000 మే నెలలో ఆ చెడగొట్టడం ఆపేశారు. ఆపిన చెయ్యి మళ్లీ తిప్పదని పూచీ ఏముంది? ఊళ్లో కాలువ మీద తూము తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వాడి మాటే చెల్లుతుందని సాగర్ కుడి కాలువ కింద సేద్యం చేసినవాడికి వేరే చెప్పక్కర్లేదు. మా బావ తలాడించాడు.

2006లో కేంద్రం ఈ పథకానికి ఒప్పుకుంది. 2013 జులై 1న, అర్ధరాత్రి కాబోతుండగా, మొదటి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్‌-1ఎ శ్రీహరికోట నుంచే ఎగిరింది. 2016 ఏప్రిల్ 28న ఏడోది వెళ్లాక దీనికి నావిక్ అని పేరు పెట్టారు. జీపీఎస్‌లా లోకమంతా కాదు, మన దేశమూ, సరిహద్దుకు చుట్టూ పదిహేను వందల కిలోమీటర్ల మేరా దీని పరిధి. ఇందులో సేవలు రెండు. ఒకటి మీకూ నాకూ. రెండోది గూఢలిపిలో, సైన్యానికీ, అనుమతి ఉన్నవాళ్లకూ మాత్రమే. దీన్ని రైతులకు, జాలర్లకు, లారీలకు అని ప్రకటనల్లో ముందు చెబుతారు గానీ, పుట్టుకకు కారణం ఆ రెండోదేనని నా అభిప్రాయం.

మార్టూరు నుంచి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల దుమ్ము దాటి రేణంగివరం వైపు వచ్చేసరికి రోడ్డు ఒక్కసారిగా మారిపోయింది. మధ్యలో మొక్కల్లేవు, ఎత్తైన డివైడర్ లేదు. సిమెంటు పలక తిన్నగా, వెడల్పుగా, కంటికి ఆనకుండా సాగింది. కొరిశపాడు మండలం పిచ్చికలగుడిపాడు దగ్గర హైవేనే విమానాలు దిగే రన్‌వేగా వేశారు. పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. కారు పక్కకు తీసి దిగాం. సిమెంటు మీద ఎండ కళ్లలో గుచ్చుకుంటోంది. అంచున మట్టి మొదలయ్యే చోటే పత్తి చేను. ఎవరిదో గొడుగు, నీళ్ల డబ్బా గట్టు మీద ఉన్నాయి.

గేదెల్ని తోలుకొస్తున్న పెద్దాయన ఆగాడు. పంచె ఎగ్గట్టి, భుజాన కర్ర.

"విమానాలు చూశారా పెద్దయ్యా?" అన్నాను.

"చూడకేం. మొదటిసారి వచ్చినయ్యి దిగలా. ఇదుగో ఈ చింతచెట్టు ఎత్తున వచ్చి మళ్లా లేచిపోయినయ్యి. ఆ మోతకి మా గేదె పలుపు తెంపుకుని రెండూళ్లు పరిగెత్తింది. రెండోసారి మాత్రం లావుపాటి విమానం దిగింది. దిగి, ఆగి, మళ్లా పోయింది. జనం తిరణాలకొచ్చినట్టు వచ్చారు."

పెద్దాయన జ్ఞాపకం రికార్డులతో సరిపోయింది. 2022 డిసెంబర్ 29న వైమానిక దళం ఇక్కడ మొదటి సన్నాహం చేసింది. 2024 మార్చి 18న సుఖోయ్-30, హాక్ విమానాలు నేలకు దగ్గరగా వచ్చి లేచిపోగా, ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి మళ్లీ ఎగిరాయి. యుద్ధానికే కాదు, ఉప్పెన వచ్చినప్పుడు కూడా పనికొస్తుందని దీన్ని వేశారు. 1977 నవంబరు తుఫాను దివిసీమనీ, బాపట్ల తీరాన్నీ ఎలా ఊడ్చిపెట్టిందో గుర్తున్న తరం ఇంకా ఈ ఊళ్లలో ఉంది. అప్పట్లో ఇలాంటి రోడ్డు ఉంటే ఎన్ని శవాలు తగ్గేవో అని పెద్దాయనే అన్నాడు, నేను అడక్కుండానే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ మండలం బాపట్లలో కలిసింది. అయినా ఆయన నోట మాత్రం "మా ప్రకాశం"!

నేను ఆ సిమెంటు మీద నిలబడి ఫోన్ చూశాను. ఊరూ పేరూ లేని చేల మధ్య 33 మీటర్ల వెడల్పు గీత ఇది. పొగమంచు పట్టిన తెల్లవారుజామునో, ఊరంతా కరెంటు పోయిన తుఫాను రాత్రో వందల కిలోమీటర్ల నుంచి వచ్చే పైలట్ ముందు ఈ గీత దాకా రావాలి. ఆ దారి ఇంకో దేశం చేతిలో ఉండకూడదు అన్నదే రేపు ఎగరబోయే రాకెట్ కథ. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్‌లో ఎన్ని బోర్డులు చదివినా నాకు ఇంత తేటగా తెలిసేది కాదు.

ఒంగోలు, సింగరాయకొండ, కావలి, నెల్లూరు, గూడూరు. దారిలో చెప్పుకోదగ్గది భోజనమే. నాయుడుపేట దాటేసరికి నల్లరేగడి పోయి ఇసక నేల, తాటిచెట్లు, రొయ్యల చెరువులు వచ్చాయి. సూళ్లూరుపేట చేరేసరికి రాత్రయింది. లాడ్జీలన్నీ నిండిపోయాయి. ఒక మెస్ పైన గది దొరికింది. మా బావకు రొయ్యలు దొరికాయి, అందుకని గది గురించి మాట రాలేదు.

మెస్ నడిపే ఆవిడ నలభై ఏళ్లుగా ఇక్కడే ఉందట. "మాకు రాకెట్టు అంటే లాడ్జీలకి బేరం తమ్ముడూ," అంది గరిటె ఆపకుండా. "కానీ మా నాయన చెప్పేవాడు, మొదటిది సముద్రంలో పడిపోయిన రోజున ఊళ్లో ఎవరూ మాట్లాడుకోలేదని."

ఆమె చెబుతున్నది 1979 ఆగస్టు 10 సంగతి. అబ్దుల్ కలాం నడిపించిన ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం. పదిహేడు టన్నుల బుల్లి రాకెట్. సముద్రంలో పడింది. మరుసటి ఏడాది 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఇస్రో లెక్క ఆ పడిపోయిన దానితోనే మొదలవుతుంది. పడిపోయినదాన్ని కూడా ఒకటిగా లెక్కేసుకుని నూరు దాకా వచ్చారు, నాకు ఆ లెక్క నచ్చింది. అంతకు ముందు 1971 నుంచే ఇక్కడ చిన్న పరిశోధన రాకెట్లు ఎగిరేవి. భూమధ్యరేఖకు దగ్గర, తూర్పున వందల కిలోమీటర్లు మనుషుల్లేని సముద్రం, ఒక వైపు బంగాళాఖాతం, మరో వైపు పులికాట్. దీవి మీద అడవిలో యానాదులుండేవాళ్లు. స్థలం తీసుకున్నప్పుడు వాళ్లు కదలాల్సి వచ్చింది. నూరు ప్రయోగాల ప్రదర్శనల్లో ఆ మాట పెద్దగా వినపడదు. 2002 నుంచి ఈ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు. నెల్లూరు జిల్లాలో ఉండే శ్రీహరికోట 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది.

ప్రయోగాన్ని దగ్గర నుంచి చూడటానికి షార్‌లో గ్యాలరీ ఉంది. దానికి ముందే పేరు నమోదు చేసుకోవాలి. మేం చేసుకోలేదు, పులికాట్ రోడ్డు మీద నుంచి చూద్దామని వచ్చాం. తెల్లవారకముందే లేచి కారు తీశాం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. పోలీసులు ఒక చోట దాటాక ఎవరినీ పోనివ్వలేదు. అక్కడే వందల మంది. మోటార్ సైకిళ్ల మీద కాలేజీ పిల్లలు, శాలువాలు కప్పుకున్న తమిళ కుటుంబాలు, ప్లాస్కుల్లో టీ అమ్మే కుర్రాళ్లు, భుజాల మీద నిద్రపోతున్న పసివాళ్లు. నీళ్లలో ఎక్కడో రాజహంసలు కదులుతున్న చప్పుడు. వాటి పేరున జరిగే పండగ పది రోజుల కిందటే అయిపోయింది. జాలర్ల పడవలు ఆ పొద్దు సముద్రం మీదకి పోవు, ప్రయోగం వేళ ఆంక్షలుంటాయి.

తూర్పున వెలుతురు విచ్చుకుంటోంది. ఒక కుర్రాడి ఫోన్‌లో ఇస్రో ప్రత్యక్ష ప్రసారం. అందరం దాని చుట్టూ చేరాం. జీఎస్‌ఎల్‌వీ పని తీరు ఇది: మధ్యలో ఘన ఇంధనంతో పెద్ద మోటారు, దాన్ని అంటిపెట్టుకుని ద్రవ ఇంధనంతో నాలుగు. ముందు ఆ నాలుగూ అంటుకుంటాయి. అవి సరిగ్గా మండుతున్నాయని తేలాక, దాదాపు ఐదు సెకన్ల తర్వాత మధ్యది అంటుకుంటుంది. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఆర్పడం ఉండదు కాబట్టి ఈ జాగ్రత్త. బరువు నాలుగొందల ఇరవై టన్నుల దాకా ఉంటుంది, ఎత్తు యాభై మీటర్ల పైన. మూడో దశలో మైనస్ 250 డిగ్రీల చల్లదనంలో ద్రవ హైడ్రోజన్. ఈ క్రయోజెనిక్ ఇంజన్ విద్య 1990ల్లో రష్యా ఇస్తానని, అమెరికా ఒత్తిడికి వెనక్కి తగ్గింది. మనవాళ్లు సొంతంగా చేసుకోవడానికి 2014 జనవరి దాకా పట్టింది. మధ్యలో 2010లో ఒక ఏడాదే రెండుసార్లు జీఎస్‌ఎల్‌వీ కూలిపోయింది. దీనికి 'అల్లరి పిల్లోడు' అనే పేరు ఊరికే రాలేదు.

అంకెలు తగ్గుతున్నాయి. ఎవరో పిల్ల "సున్నా" అని అరిచింది.

ముందు వెలుగు. తాటిచెట్ల అవతల నారింజ రంగు ముద్ద ఉబికింది, సరస్సు నీళ్లు ఒక్కసారిగా ఇత్తడి రంగు తేలాయి. చప్పుడు లేదు. రాకెట్ చెట్ల పైకి వచ్చింది, ఇంకా చప్పుడు లేదు. అది వంపు తిరగడం మొదలుపెట్టాక గానీ మోత చేరలేదు. చేరినప్పుడు చెవులకన్నా ముందు ఛాతీకి తగిలింది. కారు అద్దాలు గజగజమన్నాయి. పక్షులు లేచాయి. మా బావ పెద్దగా ఏమీ అనలేదు. నోట్లో వక్కపొడి వేసుకోబోయి చెయ్యి అక్కడే ఆపేశాడు. తర్వాత ఎప్పటికో "అబ్బో" అన్నాడు. ఆయన నిఘంటువులో అది చాలా పెద్ద మాట.

కుర్రాడి ఫోన్‌లో ఒక్కొక్క దశా విడిపోవడం వింటున్నాం. సుమారు పంతొమ్మిది నిమిషాలకు ఉపగ్రహం విడిపోయిందన్నారు. చప్పట్లు, ఈలలు. టీ కుర్రాడు అందరికీ ఒక రౌండు ఉచితంగా పోశాడు. 2,250 కిలోల ఎన్‌వీఎస్‌-02 కక్ష్యలోకి చేరింది. అల్లరి పిల్లోడు బుద్ధిగా పని చేశాడు.

తిరుగు దారిలో బావకు ఉత్సాహం వచ్చింది. ప్రకాశం జిల్లాలోకి వచ్చాక ఒక మిరప చేలో డ్రోన్ మందు కొడుతుంటే ఆపమన్నాడు. పది లీటర్ల ట్యాంకు మోసుకుని, వరస తప్పకుండా వెళ్లి, చేని చివర తనంతట తానే మళ్లి వస్తోంది. నల్ల తామర పురుగు 2021-22లో మిరపను నాశనం చేసినప్పటి నుంచి మందుకు పెట్టే ఖర్చు ఎరువు ఖర్చును మించింది. మనుషులు కొడితే రోజంతా పట్టే పని ఇది గంటలో చేస్తోంది. గుంటూరు పక్కన లాంలో ఉన్న ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ డ్రోన్ పైలట్లకు శిక్షణ ఇస్తోంది.

"ఇది తన వరస ఎట్టా గుర్తుపెట్టుకుంటంది?" అని బావ ఆ డ్రోన్ కుర్రాణ్ణి అడిగాడు.

"జీపీఎస్ అన్నా. సిగ్నల్ పోతే ఉన్నచోటే నిలబడిపోద్ది."

"నావిక్ అందుకోదా?"

కుర్రాడు తెల్లమొహం వేశాడు. మొన్నటి దాకా బావకూ ఆ మాట తెలియదు. మార్టూరు బల్ల దగ్గర విన్నదే, ఇప్పుడు పరీక్ష పెట్టే స్థాయికి వచ్చాడు. నిజానికి ఇందులో ఒక చిక్కు ఉంది. నావిక్ పాత ఉపగ్రహాలు ఎల్5, ఎస్ అనే తరంగాల మీదే మాట్లాడేవి. చౌక ఫోన్లు, వాచీలు, చిన్న యంత్రాలు ఎక్కువగా వినేది ఎల్1. అందుకే 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్‌-01 నుంచి ఎల్1 కూడా చేర్చారు. మన దేశంలో చేసిన పరమాణు గడియారం మొదటిసారి దానిలోనే వెళ్లింది, అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం దాన్ని తయారు చేసింది. అంతకు ముందు వాడిన విదేశీ గడియారాలు ఒకటొకటిగా ఆగిపోయి ఇస్రోను ఏడిపించాయి. మొదటి ఉపగ్రహంలో మూడు గడియారాలకు మూడూ పాడయ్యాయి. టైం చెప్పలేని ఉపగ్రహం పైన తిరుగుతూనే ఉంటుంది, దారి మాత్రం చూపలేదు.

ఇంకో ఊళ్లో పొలం రీసర్వే. మూడు కాళ్ల కర్ర మీద తెల్లటి గిన్నెలాంటి పరికరం, దాన్ని రోవర్ అంటారు. 2020 డిసెంబర్‌లో జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైన ఈ సర్వే రోవర్లతో, డ్రోన్లతో ఊళ్ల వెంబడి సాగింది. ఒక రైతు తన పొలం ఐదు సెంట్లు తక్కువ తేలిందని గొడవపడుతున్నాడు. గొలుసు పట్టి కొలిచిన తాతల నాటి లెక్కకూ, ఉపగ్రహాల లెక్కకూ పొంతన లేదు. సర్వేయరు ఓపిగ్గా మళ్లీ నిలబెట్టాడు. మళ్లీ అదే ఐదు సెంట్లు. ఆ రైతు ఆకాశం వంక చూసి తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.

ఇంటికి చేరి నాలుగు రోజులు. ఫిబ్రవరి 2, ఆదివారం. బావ కల్లంలో కూర్చున్నాను. ఆడవాళ్లు తాలు కాయ ఏరుతున్నారు. రంగు వెలిసిపోయిన కాయను ఎడం పక్కకు, మంచి కాయను కుడి పక్కకు. మాటల మధ్యలో కూడా చేతులు తప్పవు. మధ్య మధ్య ఎవరో ఒకరు చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతారు. ఆ ఘాటులో నా కళ్లు నీళ్లు పెట్టుకుంటుంటే ఫోన్‌లో ఇస్రో ప్రకటన చదివాను. ఎన్‌వీఎస్‌-02ను అనుకున్న చోటికి చేర్చలేకపోయారు.

అసలు సంగతి ఏమిటంటే, రాకెట్ దాన్ని వదిలింది భూమికి ఒక వైపు దాదాపు 170 కిలోమీటర్ల దగ్గరగా, మరో వైపు 36 వేల కిలోమీటర్లు దూరంగా ఉండే పొడవాటి కోడిగుడ్డు దారిలో. అక్కడి నుంచి ఉపగ్రహం తన ఇంజన్ తానే మండించుకుని, దఫదఫాలుగా పైకి జరిగి, ఆ దారిని గుండ్రం చేసుకోవాలి. ఇంధనం మండాలంటే ఆక్సీకారకం కావాలి. దాన్ని లోపలికి వదిలే వాల్వులు తెరుచుకోలేదు. ఉపగ్రహం బతికే ఉంది, కరెంటు ఉంది, మాటకు మాట చెబుతోంది. కదలలేదు అంతే. సరస్సు ఒడ్డున మేం టీ తాగుతూ చప్పట్లు కొట్టిన సమయానికి చేయాల్సిన పనిలో సగమే అయింది.

బావకు చెప్పాను. చేతిలో కాయ తిప్పుతూ విన్నాడు.

"యార్డు దాకా పోయి అమ్ముడుపోనట్టేగా," అన్నాడు. మరి కాసేపటికి, "మళ్లీ పంపుతారా?"

పంపాలి. వేరే దారి లేదు. ఇటు యార్డు సంగతికొస్తే, ఆ నెల చివర్లో కేంద్రం మిర్చికి క్వింటా 11,781 రూపాయలని ఆదుకునే ధర ప్రకటించింది. బావ మాటల్లో ఆ రేటు కూలి, మందు ఖర్చులకు బొటాబొటిగా సరిపోయింది. నావిక్ లెక్క అంతకన్నా పలచన. 2025 జులైలో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన ప్రకారం, అప్పటిదాకా పంపిన పదకొండింటిలో నాలుగే దారి చూపే సేవ అందిస్తుండేవి. ఇంకో నాలుగు సందేశాల ప్రసారానికి పనికొచ్చేవి. ఒకదాన్ని విశ్రాంతికి పంపారు. రెండు అసలు చేరాల్సిన కక్ష్యకే చేరలేదు. వాటిలో ఒకటి మేం చూసినది. రెండోది 2017 ఆగస్టు 31న వెళ్లిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్‌-1హెచ్, ఉష్ణ కవచం విడిపోక దాని లోపలే చిక్కుకుపోయింది.

చోటు తేలాలంటే నాలుగు ఉపగ్రహాలు కావాలని మార్టూరు టీ బల్ల మీద బావకు చెప్పాను. అప్పటికి సరిగ్గా నాలుగే పనిచేస్తున్నాయంటే ఒక్కటి ఆగినా మొత్తం వ్యవస్థ కుంటుపడినట్టే. దీన్ని రాకెట్ వైఫల్యం అనడం తప్పు. రాకెట్ బాగానే పోయింది. రాకెట్‌కు ఇచ్చే హడావుడిలో పదో వంతు కూడా ఉపగ్రహం లోపలి వాల్వుకూ, గడియారానికీ మనం ఇవ్వకపోవడమే అసలు లోపమని నాకనిపిస్తుంది. పత్రికలూ అంతే, టీవీలూ అంతే, సరస్సు ఒడ్డున చప్పట్లు కొట్టిన నేనూ అంతే.

2025 నాటి లెక్కలో తర్వాతి వంతు ఎన్‌వీఎస్‌-03ది, ఆ తర్వాత 04, 05 వరసలో ఉన్నాయి. చూడాలనుకునేవాళ్లకు సూళ్లూరుపేట చెన్నై-గూడూరు రైలు దారిలోనే ఉంది, అక్కడి నుంచి శ్రీహరికోట ఇరవై కిలోమీటర్ల లోపే. గ్యాలరీలో కూర్చోవాలంటే ఇస్రో ప్రకటన రాగానే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోండి, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. గుంటూరు వైపు నుంచి కారులో వెళ్లేవాళ్లు కొరిశపాడు దగ్గర ఒకసారి దిగండి. ఇంటికి వచ్చాక మరో రెండు వారాలు వార్తలు చూస్తూనే ఉండండి. ఉపగ్రహం తన కక్ష్యకు చేరిందో లేదో తెలిసేది అప్పుడే.